కంటి కబురు

పాఠ్యభాగ పరిచయం

శరీరంలోని అవయవాలను మనం వేర్వేరుగా లెక్కిస్తాం. వాటికి వచ్చే వ్యాధులను వేర్వేరు వైద్యులకు అప్పగిస్తాం. కాని శరీరానికి ఈ విభజన తెలియదు. కంటిలో కనిపించే ఎరుపు ఒక్కొక్కప్పుడు వెన్నెముకలోనో, కీళ్లలోనో, చర్మంలోనో సాగుతున్న వ్యాధికి సూచన కావచ్చు. ఆ సూచనను సకాలంలో గ్రహిస్తే చూపు నిలుస్తుంది, తక్కిన శరీరమూ మేలు పొందుతుంది. కంటిలోపలి శోథానికి, శరీర రక్షణ వ్యవస్థకు గల సంబంధాన్ని ఈ పాఠం వివరిస్తుంది.

ఒక బాలుని రెండు కళ్లు

ఫ్రాన్సు దేశ రాజధాని పారిస్‌కు తూర్పున కూప్‌వ్రే అనే గ్రామం ఉంది. అక్కడ గుర్రపు జీనులు, తోలుపట్టెడలు కుట్టి జీవించే ఒక వృత్తికారుని ఇంట 1809 జనవరి 4న ఒక బాలుడు జన్మించాడు. మూడేళ్ల వయసులో, 1812లో, తండ్రి పనిచేసే గదిలో ఆడుకుంటూ ఆ పసివాడు తోలుకు రంధ్రాలు చేసే ఆరె వంటి మొనదేలిన పనిముట్టును చేతికి తీసుకున్నాడు. తండ్రి చేసే పనిని అనుకరించబోగా అది జారి అతని కంటిలో గుచ్చుకున్నది. గాయపడింది ఒక్క కన్నే. ఆనాటి వైద్యం ఆ కంటిని కాపాడలేకపోయింది. అంతకంటె విషాదకరమైన సంగతి మరొకటి ఉంది. ఏ గాయమూ తగలని రెండవ కన్ను కూడా క్రమంగా వ్యాధిగ్రస్తమై, అయిదేళ్లు నిండేసరికి ఆ బాలునికి చూపు పూర్తిగా పోయింది.

ఆ బాలుడే లూయీ బ్రెయిలీ. తరువాతి కాలంలో ఆరు చుక్కల లిపిని రూపొందించి, 1829లో దానిని ప్రచురించి, చూపులేని వారికి అక్షరలోకపు ద్వారాలు తెరచిన మహనీయుడు. ఆయన సాధించిన విజయం మనందరికీ తెలిసినదే. కాని ఆయన జీవితంలో ఒక ప్రశ్న మిగిలి ఉంది. గాయం ఒక కంటికి తగిలితే రెండవ కన్ను ఎందుకు పోయింది?

ఒక కంటిలో చేరిన విషమేదో రెండవ కంటికి పాకిందని ఆ కాలంవారు అనుకున్నారు. నేటి నేత్రవైద్యులలో పలువురు దీనికి వేరొక కారణం చెబుతారు. ఆ రెండవ కంటిపై దాడి చేసింది బయటి శత్రువు కాదు, ఆ బాలుని శరీరంలోని రక్షణ వ్యవస్థే అయి ఉంటుందని వారి అభిప్రాయం. ఒక కంటికి లోతైన గాయమైన తరువాత రెండవ కంటిలో కూడా శోథం పుట్టే ఈ స్థితిని ‘సింపథెటిక్ ఆఫ్తాల్మియా’ అంటారు. స్కాట్లండులోని గ్లాస్గో నగరానికి చెందిన విలియం మెకంజీ అనే నేత్రవైద్యుడు పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధంలో దీనిని విపులంగా వర్ణించాడు. ఒక కన్ను బాధపడితే దాని తోడుకన్ను కూడా సానుభూతితో బాధపడుతున్నదన్న భావనతో ఆ పేరు ఏర్పడింది. పేరులో సానుభూతి ఉన్నా, జరిగేది మాత్రం సానుభూతి కాదు. పొరపాటున జరిగే దాడి. ఆ పొరపాటు ఎట్లా జరుగుతుందో తెలియాలంటే ముందుగా కంటి నిర్మాణాన్ని కొంత తెలుసుకోవాలి.

ద్రాక్షపండు వంటి పొర

కనుగ్రుడ్డు మూడు పొరలతో నిర్మితమై ఉంటుంది. వెలుపలిది తెల్లని దృఢస్తరం. దాని ముందుభాగం గడియారపు అద్దంలా పారదర్శకంగా ఉంటుంది. దానినే కార్నియా అంటారు. అన్నింటికంటె లోపలిది నేత్రపటలం, అంటే రెటీనా. వెలుతురు చిత్రంగా రూపొందేది దానిమీదనే. ఈ రెండింటి నడుమ రక్తనాళాలతోను, నల్లని వర్ణకంతోను నిండిన మధ్యపొర ఒకటి ఉంటుంది. కనుపాప చుట్టూ కనిపించే రంగుపొర అయిన ఐరిస్, దాని వెనుక ఉండే సిలియరీ భాగం, నేత్రపటలానికి ఆహారం అందించే రక్తపటలం — ఈ మూడూ కలిస్తే ఆ మధ్యపొర. పైపొరను ఒలిచి చూస్తే ఇది నల్లద్రాక్షపండును తలపిస్తుంది. అందువల్లనే లాటిన్ భాషలో ద్రాక్షకున్న పేరునుండి దీనికి ‘యువియా’ అన్న పేరు వచ్చింది. ఈ పొరలో పుట్టే శోథమే ‘యువియైటిస్’.

శోథమంటే ఏమిటి? ఎరుపు, వాపు, వేడి, నొప్పి — ఈ నాలుగు లక్షణాలను క్రీస్తుశకం మొదటి శతాబ్దిలోనే సెల్సస్ అనే రోమన్ రచయిత పేర్కొన్నాడు. శరీరంలో ఎక్కడైనా గాయమైనా, సూక్ష్మజీవులు ప్రవేశించినా అక్కడికి రక్తం అధికంగా ప్రవహిస్తుంది. రక్తనాళాల గోడలు సడలి, తెల్లరక్తకణాలు బయటికి వచ్చి శత్రువుతో పోరాడతాయి. ఆ పోరాటపు ఆనవాళ్లే ఆ నాలుగు లక్షణాలు. చేతిమీద ఇటువంటి పోరాటం జరిగితే నాలుగురోజులు నొప్పి ఉండి తగ్గిపోతుంది. మహా అయితే ఒక మచ్చ మిగులుతుంది. కంటిలో జరిగితే అంత సులభంగా ముగియదు. కన్ను పనిచేయడానికి ఆధారం దాని పారదర్శకత. కార్నియాలో గాని, కటకంలో గాని రక్తనాళాలు లేకపోవడం ఆ పారదర్శకత కోసమే. ఎంత చిన్న మచ్చ అయినా, ఎంత కొద్ది వాపు అయినా కంటిలో చూపుకు అడ్డుగోడ అవుతుంది.

కంచె, చేను

శత్రువు నుండి శరీరాన్ని కాపాడే రక్షణ వ్యవస్థకు రెండు గుణాలు ఉండాలి. పరాయిదానిని గుర్తించి ఎదిరించగలగాలి. తనదానిని గుర్తించి విడిచిపెట్టగలగాలి. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ ఈ రెండవ గుణాన్ని గురించి ఆలోచించి, శరీరం తనకు తాను హాని చేసుకోవడానికి జంకుతుందని ప్రతిపాదించాడు. సాధారణంగా ఇది నిజమే. రక్షణకణాలు పుట్టి పెరిగే దశలోనే, సొంత కణజాలంపై దాడిచేయగల వాటిలో అధికభాగం తొలగింపబడతాయి. అయినప్పటికీ కొన్ని మిగులుతాయి. అనుకూల పరిస్థితులు ఏర్పడినపుడు అవి మేల్కొని సొంత శరీరం మీదనే తిరగబడతాయి. అటువంటి వ్యాధులను స్వయంప్రతిరక్షక వ్యాధులు లేదా ఆటోఇమ్యూన్ వ్యాధులు అంటారు. ‘కంచే చేను మేస్తే కాపాడేదెవరు?’ అన్న మన సామెత ఈ వ్యాధులకు అక్షరాలా వర్తిస్తుంది.

కంటి విషయంలో ప్రకృతి మరొక జాగ్రత్త కూడా తీసుకున్నది. కంటిలోని రక్తనాళాల గోడలు మిక్కిలి బిగువుగా ఉండి, రక్తంలోని కణాలను సులభంగా లోపలికి రానీయవు. ఒకవేళ వచ్చినా వాటిని శాంతింపజేసే రసాయనాలు కంటిలోపలి ద్రవంలో ఉంటాయి. బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మెడవార్ 1948లో ప్రచురించిన ప్రయోగఫలితాలు ఈ విషయాన్ని వెలుగులోకి తెచ్చాయి. ఒక కుందేలు చర్మపు తునకను మరొక కుందేలు శరీరం మీద అతికిస్తే కొద్దిరోజులలోనే అది తిరస్కరింపబడుతుంది. అదే తునకను కంటి ముందుగదిలో ఉంచినపుడు, దానికి రక్తనాళాలు చేరనంతవరకు అది జీవించి ఉన్నది. రక్షణ వ్యవస్థ కంటిపట్ల ప్రత్యేకమైన మర్యాద పాటిస్తున్నదని దీనినిబట్టి తేలింది. రోగనిరోధక శాస్త్రంలో చేసిన కృషికి మెడవార్‌కు 1960లో మెక్‌ఫర్లేన్ బర్నెట్‌తోపాటు నోబెల్ బహుమతి లభించింది.

ఈ మర్యాదకు మరొక పార్శ్వం ఉంది. కంటిలోని కొన్ని మాంసకృత్తులు పుట్టినది మొదలు ఆ మూసిన గదిలోనే ఉండిపోతాయి. రక్షణకణాలకు వాటితో తగినంత పరిచయం ఏర్పడదు. లోతైన గాయంతో ఒక కన్ను బద్దలైనపుడు ఆ మాంసకృత్తులు బయటపడతాయి. అంతవరకు చూడనిదాన్ని చూసిన రక్షణకణాలు దానిని పరాయిదిగా భావిస్తాయి. వాటి ఆనవాలు పట్టుకొని శరీరమంతా వెదుకుతూ, అవే మాంసకృత్తులున్న రెండవ కంటిని చేరుకుంటాయి. సింపథెటిక్ ఆఫ్తాల్మియాకు శాస్త్రజ్ఞులు ఇచ్చే వివరణ ఇదే. అధికభాగం సందర్భాలలో గాయమైన కొన్ని వారాలనుండి ఒక సంవత్సరంలోగా ఇది బయటపడుతుంది. అరుదుగా ఎన్నో ఏళ్ల తరువాత కూడా రావచ్చు. కంటికి లోతైన దెబ్బ తగిలినవారు, గాయం మానిన తరువాత కూడా రెండవ కంటి విషయంలో అప్రమత్తంగా ఉండవలసిన కారణం ఇదే.

నడుము నొప్పికీ కంటికీ ఏమి సంబంధం?

కంటికి ఏ గాయమూ లేకుండా కూడా యువియైటిస్ రావచ్చు. ఇరవై రెండేళ్ల యువకుణ్ణి ఒకణ్ణి ఊహించుకుందాం. ఒకనాటి ఉదయం అతని కుడికన్ను ఎర్రబడింది. కంటిలో లోతైన నొప్పి. కిటికీలోనుంచి వచ్చే వెలుతురును కూడా భరించలేకపోతున్నాడు. ఇంటివారు కండ్లకలక అనుకున్నారు. మందుల దుకాణంలో చుక్కలమందు కొని వేశారు. కొన్నివారాలకు తగ్గింది. ఆరునెలల తరువాత ఎడమకన్ను అదేవిధంగా ఎర్రబడింది. మళ్లీ అదే మందు. ఈలోగా అతనికి రెండేళ్లుగా నడుము నొప్పి ఉంది. ఉదయం లేవగానే నడుము కొయ్యబారినట్లు ఉంటుంది. నడచి, పనిచేస్తే సడలుతుంది; పడుకుంటే తిరిగి వస్తుంది. బరువులు మోసినందువల్ల వచ్చిందనుకొని దానికి వేరే నూనె, వేరే మాత్రలు వాడుతున్నాడు. కంటివైద్యునికి నడుము సంగతి చెప్పాలని అతనికి తోచలేదు. ఎముకల వైద్యునికి కంటి సంగతి చెప్పలేదు. నిజానికి ఈ రెండూ ఒకే వ్యాధికి రెండు ముఖాలు కావచ్చు.

వెన్నెముక దిగువభాగంలో మొదలై పైకి పాకి, కాలక్రమంలో వెన్నుపూసలను ఒకదానితో ఒకటి అతికించివేసే కీళ్లవ్యాధి ఒకటి ఉంది. దానిపేరు ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్. యౌవనంలోనే ఇది ఆరంభమవుతుంది. ఈ వ్యాధి ఉన్నవారిలో సుమారు నాలుగవ వంతు మందికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు యువియైటిస్ వస్తుంది. 1973లో లండన్‌లోను, లాస్ ఏంజెలిస్‌లోను పరిశోధకులు వేర్వేరుగా ఒక ముఖ్యవిషయాన్ని కనుగొన్నారు. ఈ వ్యాధిగ్రస్తులలో అత్యధికుల కణాలమీద హెచ్.ఎల్.ఏ. – బి27 అనే వారసత్వ గుర్తు ఉన్నది. ఐరిస్‌కు హఠాత్తుగా శోథం వచ్చేవారిలో కూడా ఎందరికో అదే గుర్తు ఉన్నట్లు అదే సంవత్సరం వెల్లడయింది. వెన్నెముకను, కంటిని ముడివేసే సూత్రం అట్లా బయటపడింది.

ఇక్కడ ఒక అపోహకు తావివ్వకూడదు. ఈ గుర్తు ఉన్నంతమాత్రాన వ్యాధి వచ్చి తీరుతుందని కాదు. అది ఉన్నవారిలో అత్యధికులు ఏ బాధా లేకుండా జీవిస్తారు. గుర్తు ఒక అవకాశాన్ని సూచిస్తుందేగాని తీర్పు చెప్పదు. రోగి చెప్పే మాట ఎంత విలువైనదో 2015లో ఐర్లండులోని డబ్లిన్ వైద్యులు ప్రచురించిన ఒక అధ్యయనం చూపింది. కారణం తెలియని యువియైటిస్‌తో హఠాత్తుగా వచ్చినవారిని నడుము నొప్పి గురించి, కీళ్ల నొప్పుల గురించి అడిగి పరీక్షించగా, పదిమందిలో సుమారు నలుగురికి అంతవరకు ఎవరూ గుర్తించని వెన్ను, కీళ్ల వ్యాధి బయటపడింది. మొదటి కబురు తెచ్చింది కన్నే.

నొప్పి లేని ప్రమాదం

పైన చెప్పిన యువకునికి కనీసం నొప్పి ఉన్నది. అందువల్ల వైద్యుని దగ్గరకు వెళ్లే అవకాశమూ ఉన్నది. పిల్లలలో వచ్చే ఒక రకం యువియైటిస్‌కు ఆ లక్షణం కూడా ఉండదు. పదహారేళ్లలోపు పిల్లలకు కీళ్లు వాచి, ఆ వాపు వారాల తరబడి నిలిచి ఉండే వ్యాధిని జువనైల్ ఆర్థ్రైటిస్ అంటారు. ముఖ్యంగా కొద్ది కీళ్లకే వ్యాధి పరిమితమైన చిన్నపిల్లలలో, అందులోనూ ఆడపిల్లలలో, కంటిలోపల శోథం నిశ్శబ్దంగా సాగవచ్చు. కన్ను ఎర్రబడదు. నొప్పి ఉండదు. బిడ్డ ఏ ఫిర్యాదూ చేయదు. మసకగా కనిపిస్తున్నదని చెప్పగల వయసు కూడా కాదు. పాఠశాలలో నల్లబల్ల కనిపించడం లేదని తెలిసే నాటికి కనుపాప కటకానికి అతుక్కొని, శుక్లం ఏర్పడి ఉండవచ్చు. అందుచేత ఈ వ్యాధి ఉన్న పిల్లలకు కంటి బాధ ఉన్నా లేకపోయినా, వైద్యులు నిర్ణయించిన గడువు ప్రకారం, సాధారణంగా కొన్నినెలలకు ఒకసారి, కంటి పరీక్ష చేయించడం తప్పనిసరి. మోకాలి వాపు తగ్గిందని తల్లిదండ్రులు ఆ పరీక్షను మానివేయడం ఎంతమాత్రం తగదు.

చర్మం, నోరు, కన్నీరు

శరీరంలోని ఇతర భాగాలతో కంటికి గల బంధుత్వాన్ని గుర్తించినవారు అందరూ నేత్రవైద్యులు కారు. టర్కీ దేశానికి చెందిన హులూసీ బెచెట్ చర్మవైద్యుడు. ఇస్తాంబుల్‌లో తాను ఏళ్ల తరబడి గమనించిన రోగులకు మాటిమాటికి నోటిపూత, మర్మావయవాల వద్ద పుండ్లు, కంటిలో శోథం రావడం చూశాడు. ఇవి మూడు వ్యాధులు కావనీ, ఒకే వ్యాధి లక్షణాలనీ 1937లో ప్రకటించాడు. ఆయన పేరుతోనే ప్రసిద్ధమైన ఆ వ్యాధి మధ్యధరా తీరం నుండి జపాన్ వరకు, ప్రాచీన పట్టువర్తక మార్గం పొడవునా ఎక్కువగా కనిపిస్తుంది. నేత్రపటలంలోని రక్తనాళాలను దెబ్బతీసి చూపును హరించగల వ్యాధి ఇది.

చర్మానికి, వెంట్రుకలకు రంగునిచ్చే వర్ణకణాలు కంటి మధ్యపొరలోను, లోపలి చెవిలోను, మెదడు పైపొరలలోను కూడా ఉంటాయి. ఆ కణాలనే రక్షణ వ్యవస్థ శత్రువులుగా భావిస్తే ఈ భాగాలన్నీ దెబ్బతినే అవకాశం ఉన్నది. తలనొప్పి, చెవుల్లో హోరు, రెండు కళ్లలోనూ మసక, ఆ తరువాత కొన్నివారాలకు చర్మంపై బొల్లిమచ్చలు, కనురెప్పల వెంట్రుకలు నెరవడం — ఈ వరుసలో సాగే వ్యాధిని స్విట్జర్లండుకు చెందిన వోట్, జపాన్‌కు చెందిన కొయనాగి, హరాడా అనే ముగ్గురు వైద్యుల పేర్లతో వ్యవహరిస్తారు. మన దేశంలో కూడా ఇది నేత్రవైద్యులకు పరిచితమైన వ్యాధే.

కంటి శోథాలన్నీ మధ్యపొరకే పరిమితం కావు. కన్నీటిగ్రంథులు కూడా ఈ దాడికి గురి కావచ్చు. స్వీడన్ దేశపు నేత్రవైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ 1933లో సమర్పించిన సిద్ధాంతవ్యాసంలో, కళ్లలో తడి ఆరిపోయిన 19 మంది స్త్రీలను పరిశీలించి, వారిలో 13 మందికి కీళ్లవాతం ఉన్నదని చూపాడు. కళ్లు పొడిబారడం, నోరు ఎండిపోవడం, కీళ్ల నొప్పులు ఒకే మూలం నుండి పుడుతున్నాయని ఆయన వాదం. విశ్వవిద్యాలయంలో ఉన్నతబోధన పదవి పొందడానికి ఆ వ్యాసం చాలదని నాటి పరీక్షకులు నిర్ణయించారు. నేడు ప్రపంచమంతా ఆ వ్యాధిని షోగ్రెన్ పేరుతోనే పిలుస్తున్నది. కీళ్లవాతం ముదిరినవారిలో కంటి తెల్లగుడ్డులో కూడా తీవ్రమైన నొప్పితో శోథం రావచ్చు. నిద్రనుండి లేపేటంత నొప్పి అది. దానిని అలక్ష్యం చేయరాదు.

త్రసరేణువులు

ఇన్ని ఉదాహరణలు చూశాక ప్రతి కంటి ఎరుపూ స్వయంప్రతిరక్షక వ్యాధే అనుకోవడం పొరపాటు. సామాన్యంగా కనిపించే కండ్లకలక పైపొరకు సంబంధించినది. తరచుగా వైరస్ వల్ల వచ్చి తనంతట తానే తగ్గుతుంది. కండ్లకలకలో పుసులు కట్టి రెప్పలు అంటుకుంటాయి, దురద, నలత ఉంటాయి, చూపు మాత్రం సాధారణంగా తగ్గదు. యువియైటిస్‌లో పుసులు ఉండవు. లోతైన నొప్పి, వెలుతురును సహించలేకపోవడం, చూపు మసకబారడం, నల్లగుడ్డు అంచు చుట్టూ ఎరుపు అధికంగా ఉండడం దాని లక్షణాలు. వెనుకభాగంలో శోథం వస్తే నొప్పి లేకుండా కళ్ల ముందు నల్లని చుక్కలు తేలియాడవచ్చు. సరైన నిర్ణయం మాత్రం వైద్యుడే చేయాలి.

యువియైటిస్ అని తేలిన తరువాత కూడా కారణం ఒక్కటే కాదు. క్షయ, సిఫిలిస్, హెర్పిస్ వైరస్, టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి కూడా అదే రూపంలో కంటిని పట్టవచ్చు. క్షయ ఇంకా అంతరించని మన దేశంలో ఈ వివేచన మరింత అవసరం. సొంత రక్షణకణాల దాడి అయితే వాటిని అణచే మందు ఇవ్వాలి. సూక్ష్మజీవుల దాడి అయితే ముందు వాటిని చంపే మందు ఇవ్వాలి. ఒకదానికి బదులు మరొకటి ఇస్తే మందే శత్రువుకు సాయం చేసినట్లవుతుంది.

ఈ పరీక్షలో వైద్యునికి ముఖ్యసాధనం స్లిట్‌ల్యాంప్. స్వీడన్ శాస్త్రవేత్త ఆల్వార్ గుల్‌స్ట్రాండ్ 1911లో దీనిని ప్రదర్శించాడు. సన్నని కాంతిరేఖను కంటిలోకి పంపి, సూక్ష్మదర్శినిలో చూసే సాధనమిది. కిటికీ సందులోనుండి చీకటిగదిలోకి దూరిన సూర్యకిరణంలో కదలాడే ధూళికణాన్ని మన పూర్వులు ‘త్రసరేణువు’ అన్నారు. ఆరోగ్యవంతమైన కంటి ముందుగదిలో కాంతిరేఖ ప్రసరించినపుడు ఏమీ కనిపించదు. శోథమున్న కంటిలో మాత్రం తెల్లరక్తకణాలు త్రసరేణువుల వలె తేలుతూ కనిపిస్తాయి. వైద్యుడు వాటిని లెక్కించి వ్యాధి తీవ్రతను నిర్ణయిస్తాడు. శరీరంలో జరిగే రక్షణకణాల పోరాటాన్ని కోత లేకుండా, నేరుగా కంటితో చూడగలిగిన చోటు ఇదే.

చికిత్స, ఒక తెలుగువాని వారసత్వం

1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాతంతో మంచం పట్టిన రోగికి మొదటిసారిగా కార్టిజోన్ ఇచ్చాడు. కొద్దిరోజులలో రోగి లేచి నడవడం వైద్యలోకాన్ని ఆశ్చర్యపరచింది. 1950లో హెంచ్‌కు, ఆయన సహచరుడు కెండాల్‌కు, రైష్‌స్టైన్‌కు నోబెల్ బహుమతి లభించింది. ఆ జాతికి చెందిన స్టెరాయిడ్ మందులు యువియైటిస్ చికిత్సకు నేటికీ మొదటి ఆయుధం. వాటితోపాటు కనుపాపను విప్పార్చే చుక్కలు కూడా వాడతారు. ఐరిస్ కటకానికి అతుక్కోకుండా అవి కాపాడతాయి.

అయితే స్టెరాయిడ్ రెండంచుల కత్తి. ఎక్కువకాలం వాడితే అదే శుక్లాన్ని తెస్తుంది, కంటిలో ఒత్తిడి పెంచి నీటికాసులకు దారితీస్తుంది. మాత్రలుగా తీసుకుంటే మధుమేహం, ఎముకల బలహీనత వంటి కష్టాలు కలుగుతాయి. హఠాత్తుగా మానినా ప్రమాదమే. కాబట్టి వ్యాధి దీర్ఘకాలికమైనపుడు స్టెరాయిడ్‌ను తగ్గించి, రక్షణ వ్యవస్థను మెల్లగా అదుపులో ఉంచే వేరొక మందు కావాలి. అటువంటి మందులలో ముఖ్యమైనది మెథోట్రెక్సేట్. దాని చరిత్రలో మన తెలుగువాని పేరు ఉన్నది.

1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికా చేరి, అనంతర కాలంలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు సారథ్యం వహించారు. ఫోలిక్ ఆమ్లంపై ఆయన బృందం చేసిన కృషి నుండే దానిని అడ్డుకునే మందులు, అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ ఉద్భవించాయి. అమినోప్టెరిన్‌తో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సర్ సోకిన పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగించగలిగాడు. ఆ ఫలితాలు ప్రచురితమైన 1948లోనే సుబ్బారావు మరణించారు. కేన్సర్ కోసం పుట్టిన మెథోట్రెక్సేట్, స్వల్ప మోతాదులో కీళ్లవాతాన్ని, యువియైటిస్‌ను కూడా శాంతింపజేస్తుందని తరువాతి తరాలవారు తెలుసుకున్నారు. 2019లో ఒక అంతర్జాతీయ అధ్యయనం వెలువడింది. 216 మంది యువియైటిస్ రోగులు పాల్గొన్న ఆ అధ్యయనంలో మనదేశపు అరవింద్ కంటి ఆస్పత్రులు ప్రధాన భాగస్వాములు. మెథోట్రెక్సేట్‌కన్నా మైకోఫినోలేట్ అనే మందు మేలైనదని అందులో రుజువు కాలేదు. భీమవరపు బిడ్డ బృందం అందించిన మందు నేటికీ ఎందరి చూపునో కాపాడుతున్నది.

ఈ మందును వారానికి ఒక్కసారే తీసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే ప్రాణాపాయం. గర్భవతులు వాడరాదు. రక్తపరీక్షలు క్రమంగా చేయించుకోవాలి. వీటికి లొంగని వ్యాధికి అడాలిముమాబ్ వంటి జీవసంబంధ మందులు వచ్చాయి; 2016లో అమెరికా దీనిని యువియైటిస్ చికిత్సకు ఆమోదించింది. దాగి ఉన్న క్షయను ఈ మందు మేల్కొల్పగలదు గనుక ముందుగా క్షయపరీక్ష చేస్తారు.

మన కర్తవ్యం

విద్యార్థులారా! ఈ పాఠం చదివినంతమాత్రాన ఎవరూ వైద్యులు కారు. కాని ప్రతి ఒక్కరూ ఇంటిలో ఒక మంచి సాక్షి కాగలరు. కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుగు చూడలేని స్థితి ఏర్పడితే చనుబాలు, ఆకుపసర్లు పోయవద్దని చెప్పవచ్చు. పాతసీసాలో మిగిలిన చుక్కలమందును, పొరుగువారికి తగ్గిన మందును వేయనీయకుండా ఆపవచ్చు. కంటివైద్యుని ఎదుట కూర్చున్నపుడు కంటి సంగతి మాత్రమేగాక నడుము నొప్పి, కీళ్లవాపు, నోటిపూత, చర్మపుమచ్చలు, పాతదగ్గు — వీటినన్నింటినీ చెప్పమని గుర్తుచేయవచ్చు. వైద్యుడు అడగకపోయినా చెప్పాలి. కీళ్లవ్యాధి ఉన్నవారు కంటిలో ఏ మార్పు వచ్చినా తమ వైద్యునికి తెలపాలి. స్వయంప్రతిరక్షక వ్యాధులు స్పర్శవల్ల అంటుకునేవి కావు గనుక అటువంటి రోగిని దూరంగా ఉంచవలసిన పనిలేదు.

1812లో కూప్‌వ్రే గ్రామంలో ఆ తల్లిదండ్రులు తమ బిడ్డ రెండవ కన్ను మసకబారడం చూస్తూ ఎంత తల్లడిల్లి ఉంటారో ఊహించవచ్చు. కారణం తెలిసినవారు గాని, తగిన మందు గాని ఆనాటి లోకంలో లేరు, లేదు. నేడు కారణం చాలావరకు తెలిసింది; మందులూ ఉన్నాయి. కొరవడుతున్నది సకాలంలో గుర్తించడమే. ఇంద్రియాలలో కన్ను ప్రధానమని పెద్దలు చెబుతారు. అది లోకాన్ని మనకు చూపుతుంది. ఒక్కొక్కప్పుడు మన శరీరంలోపలి సంగతిని లోకానికి చూపుతుంది. ఆ కబురును వినడం మన బాధ్యత.

పదాలు – అర్థాలు

శోథం : ఎరుపు, వాపు, వేడి, నొప్పి కలిసిన స్థితి
పారదర్శకత : వెలుతురును అడ్డులేకుండా ప్రసరింపజేసే గుణం
ఆరె : తోలుకు రంధ్రాలు చేసే మొనగల పనిముట్టు
పార్శ్వం : ప్రక్క, వైపు
త్రసరేణువు : సూర్యకిరణంలో కనిపించే సూక్ష్మమైన ధూళికణం
నీటికాసులు : కంటిలో ఒత్తిడి పెరిగి చూపునరం దెబ్బతినే వ్యాధి

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. లూయీ బ్రెయిలీ రెండవ కన్ను పోవడానికి కారణాన్ని నేటి శాస్త్రం ఎట్లా వివరిస్తున్నది?
2. కంటి శోథం శరీరంలోని ఇతర వ్యాధులకు సూచన అని పాఠం ఆధారంగా నిరూపించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు అయిదు పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. కండ్లకలకకు, యువియైటిస్‌కు గల భేదాలను తెలపండి.
2. కీళ్లవ్యాధి ఉన్న పిల్లలకు బాధ లేకపోయినా కంటి పరీక్ష ఎందుకు అవసరం?
3. యల్లాప్రగడ సుబ్బారావు బృందం కృషి కంటి చికిత్సకు ఎట్లా తోడ్పడింది?

III. ‘కంచే చేను మేస్తే’ అన్న సామెత ఈ పాఠంలో ఏ సందర్భంలో వచ్చింది? దాని ఔచిత్యాన్ని వివరించండి.